గూడుబండికి కొత్త ప్రాణం: ఒక టియర్‌డ్రాప్ ట్రైలర్ పని డైరీ

2023 అక్టోబరు 14, శనివారం

మిషిగన్ పల్లెల్లో, మా ఇంటికి రెండు గంటల దూరాన ఉన్న ఒక రైతు కొట్టంలో ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోయిన టియర్‌డ్రాప్ ట్రైలర్‌ను ఈ రోజు ఆరు వందల డాలర్లకు కొని ఇంటికి తెచ్చాము. దాని టైర్ల పక్కన తయారీ వారాన్నీ సంవత్సరాన్నీ తెలిపే నాలుగంకెల గుర్తు 3111 అని ఉంది. అంటే అవి 2011వ సంవత్సరం 31వ వారంలో తయారైనవి. పన్నెండేళ్ల పాత టైర్లతో హైవే ఎక్కడం క్షేమం కాదు కనుక, కార్లను మోసే పెద్ద ట్రైలర్‌ను అద్దెకు తీసుకొని, దీనిని దానిపైకి ఎక్కించి తీసుకువచ్చాము.

ఈ బండిని ఎరుగనివారి కోసం కొంత చెప్పాలి. ముందు వైపు గుండ్రంగా, వెనుకకు పోయేకొద్దీ సన్నగిల్లుతూ పక్కనుంచి చూస్తే కన్నీటి చుక్కలా కనబడే, కారు వెనుక తగిలించి లాగుకుపోయే ఈ చిన్న బండ్లు 1930లలో అమెరికాలో మొదలయ్యాయి. పనిముట్ల పత్రికలలో అచ్చయిన నమూనాలను చూసి జనం తమ ఇళ్లలోనే వీటిని కట్టుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇవి మరింత వ్యాపించి, పెద్ద పెద్ద క్యాంపింగ్ బండ్లు వచ్చిన తరువాత మరుగునపడ్డాయి. లోపల నిలబడడానికి వీలుండదు. ఇద్దరు పడుకోవడానికి పరుపు, వెనుక తలుపు పైకి ఎత్తితే దాని నీడలో నిలబడి వండుకునే చిన్న వంటగట్టు, అంతే దీని సంసారం. దీనిని మొదటిసారి చూసినప్పుడు నాకు మా కోనసీమ వైపు తీర్థాలకు వెళ్లే గూడుబండే గుర్తుకు వచ్చింది. అందుకే ఇంట్లో మేమందరమూ దీనిని గూడుబండి అనే పిలుస్తున్నాము.

మాది ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు గల పెట్టె. ఏ కంపెనీ గుర్తూ లేదు. ఎవరో ఇష్టంగా, ఓపికగా ఇంట్లో కట్టుకున్న బండి అని మూలమూలనా తెలుస్తోంది.

అక్టోబరు 15, ఆదివారం

చెక్కలోని తేమను కొలిచే చిన్న మీటరును పట్టుకొని బండి చుట్టూ తిరిగాను. రెండు సూదులు చెక్కలోకి దిగితే తేమ శాతం తెరపై కనబడుతుంది. ఇరవై శాతం లోపు ఉన్నంతకాలం చెక్కకు పుచ్చు భయం లేదు. ముప్పై దరిదాపులకు చేరి అక్కడే నిలిచిపోతే బూజుజాతి జీవులు చెక్కను తినడం మొదలుపెడతాయి. పైకప్పు నడుమన 13 వచ్చింది. గోడల మధ్యభాగంలో 16 వచ్చింది. గోడ నేలను తాకే అంచున, వెనుక తలుపు కీలు కింద మాత్రం 34 చూపించింది. ఎడమ గోడ మూలలో సూది దిగుతున్నట్టే తెలియలేదు, చెక్క అంత మెత్తబడింది.

అక్టోబరు 28, శనివారం

రేకు విప్పాము. అంచుల వెంట బిగించిన అల్యూమినియం పట్టీల కింద పాత యజమాని వేలెడు మందాన సిలికాన్ పూశారు. కారినప్పుడల్లా దాని మీదే మరో పొర పూసినట్టున్నారు, మూడు రంగుల పొరలు లెక్కకు వచ్చాయి. ఆ సిలికాన్‌ను కత్తితో చీల్చి లాగినప్పుడు అది ఒకే తాడులా ఊడి వచ్చింది. దాని వెనుక ప్లైవుడ్ నల్లగా, నానిన అట్టలా పొరలు పొరలుగా విడిపోయి ఉంది. పుట్టగొడుగుల వాసన గ్యారేజీ అంతా నిండింది. ప్రతి మరమేకు రంధ్రం చుట్టూ ఒక నల్లని వలయం ఉంది, కింది అంచుకు పోయేకొద్దీ ఆ వలయాలు పెద్దవై ఒకదానితో ఒకటి కలిసిపోయాయి.

దీనినిబట్టి జరిగినది అర్థమైంది. నీరు మరమేకుల రంధ్రాల గుండా పైనుంచి దిగింది, గోడ వెంట జారి అడుగుకు చేరింది. అడుగున కూడా సిలికాన్‌తో గట్టిగా మూసి ఉండడం వల్ల బయటికి పోయే మార్గం లేక అక్కడే నిలిచిపోయింది. నీటిని ఆపాలని పూసినదే నీటిని పట్టి ఉంచింది. దానికి తోడు నేల చట్రానికి పురుగు పట్టకుండా రాగి మందు ఎక్కించిన కలపను వాడారు. ఆ కలప తగిలిన చోటల్లా రేకు తెల్లని పొడి రాలుస్తూ చిల్లులు పడింది. ఆ మందులోని రాగి, తేమ తగిలినప్పుడు అల్యూమినియంను తినివేస్తుంది. ఈ రెండు వస్తువులను ఒకదానికొకటి తగలనివ్వరాదు.

సాయంత్రం నాన్నగారితో వీడియోలో మాట్లాడుతూ ఇదంతా చూపించాను. ఆయన చాలాసేపు మౌనంగా చూసి, "అన్నీ మూసేశారు గానీ, నీళ్లు పోయే తోవ ఏదిరా?" అని అడిగారు. తరువాత, "మన సజ్జా కింద మేస్త్రి గాడి ఎందుకు పెడతాడో ఎప్పుడైనా చూశావా? చూరు నీళ్లు గోడకి పాకకుండా అక్కడే తెగి కింద పడాలని," అన్నారు. ఈ బండి విషయంలో నేను చేయవలసినది ఆ మాటతో నాకు స్పష్టమైంది. నీరు లోపలికి రాకుండా చూడడం సగం పని మాత్రమే. ఎలాగోలా వచ్చిన నీరు నిలవకుండా పోయేలా కట్టడం మిగతా సగం.

నవంబరు 11, శనివారం

పెట్టెను చట్రం నుంచి వేరుచేసి పక్కన పెట్టాము. ఇనుప చట్రం చాలావరకు పైపై తుప్పుతో సరిపోయింది గానీ, వంటగట్టు కింద ఉన్న అడ్డకమ్మీ ఒకటి పూర్తిగా తినివేయబడింది. దానిని కోసి కొత్తది అతికించే పనిని వెల్డింగ్ దుకాణానికి ఇచ్చాను. బండి మొత్తాన్నీ లాగే నొగ దగ్గర నా చేతి అతుకును నమ్మలేను.

ఇరుసు పని మాత్రం నేనే చేశాను. చక్రం విప్పి చూస్తే బేరింగులలోని కందెన పాలరంగుకు తిరిగి ఉంది, అంటే లోపలికి నీరు చేరిందన్నమాట. బేరింగుపై ఎల్44649 అని చెక్కి ఉంది. అంగుళం మీద పదహారో వంతు మందం గల ఇరుసు కొనకు సరిపోయే రకం ఇది, చిన్న ట్రైలర్లలో ఎక్కువగా కనబడుతుంది. బేరింగులు కూర్చునే పాత ఉక్కు కప్పులను ఇత్తడి కడ్డీతో లోపలినుంచి సమంగా కొట్టి ఊడదీసి, కొత్తవి దిగ్గొట్టి, అరచేతిలో కందెన పెట్టుకొని బేరింగు వెడల్పు అంచును దానిలోకి ఒత్తుతూ, అవతలి అంచున కందెన పైకి ఉబికేదాకా నింపాను. ఆ తరువాతి బిగింపే కీలకం. చక్రాన్ని తిప్పుతూ నట్టును బిగించి, మళ్లీ పూర్తిగా వదులు చేసి, వేళ్లతోనే అందినంత బిగించి, సీల రంధ్రం ఎదురుపడే చోట ఆపి పిన్ను తొడగాలి. ఎక్కువ బిగిస్తే వేడెక్కి కాలుతుంది, వదులైతే చక్రం ఊగుతుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపి చూస్తే, ఉందా లేదా అన్నంత కదలికే చేతికి తెలియాలి. రెండో చక్రం దగ్గరకు వచ్చేసరికి ఆ కదలిక నా చేతికి అలవాటైంది.

టైర్లు 5.30-12 కొలతవి, సి రకం బరువు శ్రేణిలోవి కొన్నాను. నిండా గాలి ఉన్నప్పుడు ఒక్కొక్కటి 1045 పౌండ్లు మోస్తుంది.

డిసెంబరు 9, శనివారం

పాత గోడ వంపును కొత్త పలకపై గీసుకుంటే చాలునని మొదట అనుకున్నాను. కానీ పుచ్చి, ఉబ్బి, కుంగిన గోడ తన అసలు వంపును ఎప్పుడో పోగొట్టుకుంది. అందుచేత వంపులో ఇంకా గట్టిగా ఉన్న ఏడు చోట్ల గుర్తులు పెట్టుకొని, ఆ గుర్తుల దగ్గర మేకులు దిగ్గొట్టి, సన్నని సాదా చెక్క బద్దను వాటి చుట్టూ వంచి, ఆ బద్ద తనంతట తాను తీసుకున్న వంపునే పెన్సిలుతో గీశాను. బద్ద ఎక్కడ మొండికేస్తే అక్కడ మేకు తప్పుగా ఉందన్నమాట. రెండు మేకులను అలా జరపవలసి వచ్చింది. నేలకు తలవంచి, వంపును కొసనుంచి కంటితో చూస్తే చిన్న గూని కూడా పట్టుబడుతుంది.

ఆ గీతపై పావంగుళం హార్డ్‌బోర్డును కోసి, గీసి, ఇసుక కాగితంతో రుద్ది ఒక అచ్చు చేశాను. అసలు గోడలకు ముప్పాతిక అంగుళం ప్లైవుడ్ తెచ్చి, గీతకు కొంచెం వెలుపలగా రంపంతో కోసి, అచ్చును దానిపై బిగించి, బేరింగు గల రౌటర్ (చెక్క అంచులను చెక్కే కరెంటు పనిముట్టు) బిట్‌తో అచ్చు వెంట చెక్కాను. ఇలా చేస్తే రెండు గోడలూ అచ్చుగుద్దినట్టు వస్తాయి. గోడ ఎత్తు నాలుగడుగులు, పొడవు ఎనిమిదడుగులు కావడం ఎందుకో పలకను నేలపై పరిచినప్పుడు తెలిసింది. మార్కెట్లో దొరికే ప్లైవుడ్ పలక కొలతే అది.

కింది అంచు విషయంలో పాత నమూనాను వదిలేశాను. గోడను నేల పలకపై నిలబెట్టకుండా, దాని పక్కగా దించి, నేల కన్నా అరంగుళం కిందికి వేలాడేలా కోశాను. ఆ వేలాడే అంచు అడుగున నాన్నగారు చెప్పిన గాడిని రౌటర్‌తో పావంగుళం లోతున తీశాను. గోడ మీదినుంచి జారిన నీరు ఇక ఆ గాడి దగ్గర తెగి కింద మట్టి మీద పడుతుంది, చెక్క కిందికి పాకదు.

2024 జనవరి 14, ఆదివారం, భోగి

ఈ వారం చలి విపరీతంగా ఉంది. గ్యారేజీలో పని సాగలేదు. పాత బండి లోపలి వాసాలు, రంగూ మందూ తగలని పైన్ చెక్కవి, పెరటిలోని నిప్పుగుంటలో భోగిమంటగా వేశాము. ప్లైవుడ్‌ను, మందెక్కించిన కలపను మాత్రం మంటలో వేయలేదు. వాటి జిగురు పొగ, మందు పొగ పీల్చదగినవి కావు. చీకటితోనే లేచిన మా అమ్మాయి చలికి వణుకుతూ పుచ్చిన వాసాలను ఒక్కొక్కటిగా మంటలో వేసి, ఆఖరుదాన్ని మాత్రం దాచుకుంటానని పట్టుపట్టింది. దానిపై పాత యజమాని పెన్సిలుతో రాసుకున్న కొలతలు ఉన్నాయి.

ఫిబ్రవరి 17, శనివారం

నాలుగు వారాలుగా జరిగినది అంచుల పని. ప్లైవుడ్ పలక నీటిని ముఖం మీదినుంచి పెద్దగా పీల్చదు, కోసిన అంచుల నుంచే గొట్టంలా పీలుస్తుంది. కాబట్టి కోసిన ప్రతి అంచుకూ, కిటికీ రంధ్రాల చుట్టూ, ఫ్యాన్ రంధ్రం చుట్టూ పలుచని ఎపాక్సీని (ఆరితే గట్టిపడి నీటిని ఆపే జిగురును) కుంచెతో మూడుసార్లు పట్టించాము. మొదటి పూత క్షణాలలో లోపలికి ఇంకిపోయింది, రెండోది నెమ్మదించింది, మూడోది పైనే నిలిచి మెరిసింది. చలిలో ఎపాక్సీ గట్టిపడదు. గ్యారేజీ చల్లబడినప్పుడల్లా అది రోజుల తరబడి జిగటగానే ఉంటుంది. రెండు నూనె హీటర్లను పెట్టి, పలకల మీద దుప్పటి గూడులా కప్పి వెచ్చగా ఉంచవలసి వచ్చింది.

నేల అడుగుకు నూనె ఆధారిత పాలీయురెథేన్ వార్నిష్‌ను వాడాము. మొదటి పూతలో దానిని పలుచన చేసే మినరల్ స్పిరిట్స్‌ను సగానికి సగం కలిపి, రెండో దానిలో తగ్గించి, మూడో దానిని చిక్కగానే పూశాము. ఈ పని మొత్తం మా శ్రీమతి చేతిమీదుగా జరిగింది. ఆమె కుంచె పట్టే తీరు నాకు లేదు.

ఈ రోజు గోడలు నిలబెట్టి, వాటి మధ్య పదహారు వాసాలను అడ్డంగా బిగించాము. బండి చట్రంపైన మళ్లీ ఒక ఆకారం కనబడింది. మూలమట్టం పెట్టి చూసి, కర్ణాలను కొలిచి చూస్తే రెండింటి మధ్య తేడా ఎనిమిదోవంతు అంగుళమే ఉంది.

మార్చి 16, శనివారం

వాసాల మధ్య చలినీ వేడినీ ఆపే నురుగు (ఫోమ్) పలకలు, వాటి కింద సన్నని బర్చ్ ప్లైవుడ్ లోకప్పు పూర్తయ్యాయి. కప్పులో పద్నాలుగంగుళాల చదరపు రంధ్రంలో ఫ్యాన్ కూర్చుంది. ఇంత చిన్న గదిలో ఇద్దరు పడుకుంటే వారి ఊపిరిలోని తేమ తెల్లవారేసరికి గోడలపై నీటి బిందువులై నిలుస్తుంది. అందువల్ల ఫ్యాను చల్లదనానికే కాక చెక్క ఆరోగ్యానికీ అవసరం. తలుపు కిటికీ కొద్దిగా తెరిచి, ఫ్యాన్‌ను నెమ్మదిగా బయటికి వీచేలా ఉంచితే చాలు.

విద్యుత్తు పని సులభంగానే ముగిసింది. 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, దాని ధన ధ్రువం పక్కనే పెద్ద ఫ్యూజు, అక్కడినుంచి దీపాలకు, ఫ్యానుకు వేరువేరు ఫ్యూజులు. ఈ రకం బ్యాటరీని సున్నా డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ చలిలో చార్జి చేయరాదు కనుక, చలికాలంలో అది ఇంట్లోనే ఉంటుంది. వెనుక దీపాలకు నాలుగు తీగలు. తెలుపు ఎర్త్, గోధుమరంగు వెనుక దీపాలు, పసుపు ఎడమ మలుపూ బ్రేకూ, ఆకుపచ్చ కుడి మలుపూ బ్రేకూ. ఎర్త్ తీగ సరిగా అతకకపోతే దీపాలన్నీ వింతగా ప్రవర్తిస్తాయి, అందుకే చట్రాన్ని మెరిసేదాకా గీకి బిగించాను.

మే 4, శనివారం

రేకు తొడిగిన రోజు ఇది. ఇన్ని నెలలలో నేను ఎక్కువగా భయపడిన పనీ, ఎక్కువగా ఆలోచించిన పనీ ఇదే.

పైకప్పుకు ఐదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు గల అల్యూమినియం రేకు. మందం అంగుళంలో వెయ్యింట 32 వంతులు. అల్యూమినియం వేడికి బాగా సాగే లోహం. ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు మీటరులో పది లక్షలకు 23 వంతుల చొప్పున పెరుగుతుంది. మా ఊరి జనవరి రాత్రి మైనస్ 20 డిగ్రీలనూ, జూలై ఎండలో కాలే రేకు 50 డిగ్రీలనూ తీసుకుంటే, ఈ పదడుగుల రేకు ఆ రెండింటి మధ్య దాదాపు 5 మిల్లీమీటర్లు సాగి ముడుచుకోవాలి. పాత బండిలో రేకును చెక్కకు జిగురుతో అతికించి, అంచున మరమేకులతో గట్టిగా బిగించారు. కదలడానికి చోటు లేని రేకు ఏటేటా మరమేకులను పక్కకు నెట్టి, వాటి రంధ్రాలను పెద్దవి చేసింది. నీరు లోపలికి వచ్చిన మొదటి దారి అదే.

కాబట్టి ఈసారి జిగురు వాడలేదు. రేకును కప్పు మీద ఊరకే పరిచి, ఇద్దరం రెండు వైపులా నిలబడి నెమ్మదిగా ముక్కు వంపు మీదుగా కిందికి వంచాము. పక్కింటి పెద్దాయన, కార్ల కర్మాగారంలో పనిముట్ల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, వచ్చి పళ్లచక్రంతో బిగుసుకునే నాలుగు పట్టీలను బండి చుట్టూ తొడిగి, ఒక్కొక్కదానిని రెండు పళ్ల చొప్పున వరుసగా బిగించమని చెప్పారు. ఒకేచోట బిగిస్తే రేకు నొక్కుకుపోతుంది. అలా అరగంట సేపు వరుస తప్పకుండా బిగిస్తూ పోతే, రేకు ఒకచోట టప్పుమని చప్పుడు చేసి, ఆపైన వంపుకు అతుక్కుపోయింది. ఆ చప్పుడుకు ముగ్గురమూ చేతులు వదిలేశాము. రేకుకు ఏమీ కాలేదు.

అంచు పట్టీల కింద సిలికాన్ బదులు బ్యూటైల్ అనే జిగట రబ్బరు టేపు పెట్టాము. అది ఎన్నటికీ గట్టిపడదు, లోహం కదిలితే దానితో పాటు సాగుతుంది, రేపు విప్పవలసివస్తే సులువుగా ఊడుతుంది. రేకులోని రంధ్రాలను మరమేకు మందం కన్నా కాస్త వెడల్పుగా తొలిచాము. పట్టీ రేకును అణిచిపెడుతుంది, మరమేకు మాత్రం దానిని కట్టివేయదు. బిగించిన అరగంటకు బ్యూటైల్ నల్లని దారంలా అంచులలోంచి ఉబికి వచ్చింది. ఎండలో ఒక రోజు ఉంచి, మరమేకులను మరోసారి బిగించి, ఉబికినదానిని ప్లాస్టిక్ కత్తితో గీకివేయాలి. పక్కగోడల కింది అంచున మాత్రం దేనినీ పూయలేదు. రేకు గోడ కన్నా ఇంకొంచెం కిందికి వేలాడుతుంది. దాని వెనుక చేరిన నీరు కారిపోవడానికి ఆ సందు తెరిచే ఉంచాము.

మే 18, శనివారం

వెనుక తలుపు. పాత బండిలో తలుపు పొడవునా ఒకటే సాగే పియానో కీలు ఉండేది, దాని నడుమ కడ్డీ వెంటే నీరు దిగింది. దాని బదులు హరికేన్ కీలు తెప్పించాను. ఒకదానిలో ఒకటి కొక్కెంలా జొరబడే రెండు పొడవాటి అల్యూమినియం పట్టీలు అవి, పైనున్నది కిందిదానిని కప్పుతూ తిరుగుతుంది. తలుపు పక్కల వెంట బోలుగా ఉన్న రబ్బరు పట్టీని అతికించి, దానికి బయట గోడ అంచునే చిన్న కాలువలా మలిచాము. రబ్బరును దాటివచ్చిన నీరు ఆ కాలువ వెంట కిందికి పోతుంది. మొదట తలుపు మూసినప్పుడు ఎడమ మూల మూడు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది. తలుపు వాసాలను విప్పి, ఒకదానికి చిత్రిక పట్టి మళ్లీ బిగించడానికి ఆదివారం కూడా పట్టింది.

జూన్ 1, శనివారం

వంటగట్టు ఎత్తును శ్రీమతి నిలబడి కొలిచి నిర్ణయించారు, అరల మధ్య ఎత్తును ఐదు లీటర్ల కుక్కరు నిర్ణయించింది. పోపులపెట్టెకు, గ్యాసు పొయ్యికి విడివిడిగా చోట్లు ఉన్నాయి. వంట ఎప్పుడూ బయటే, తలుపు నీడలోనే. పడకగదిలో పొయ్యి వెలిగించడమన్నది లేదు, వాన వచ్చినా సరే. విషవాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం పడక దగ్గర బిగించాము.

సామాను సర్ది లారీల తూకం దగ్గరకు తీసుకెళ్లాము. బండి మొత్తం 1040 పౌండ్లు, నొగ మీద 130 పౌండ్లు. నొగపై పడే బరువు మొత్తంలో పది నుంచి పదిహేను శాతం మధ్య ఉండాలి, మాది పన్నెండున్నర. పది కన్నా తక్కువైతే వేగంలో బండి తోక ఊపుతుంది. మొదట నీళ్ల డబ్బాను వెనుక వంటగట్టులో పెడితే నొగ బరువు 90కి పడిపోయింది, దానిని పడక కింద ఇరుసుకు ముందు వైపు మార్చిన తరువాతే ఈ లెక్క కుదిరింది.

జూన్ 22, శనివారం

నిన్న సాయంత్రం హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఉన్న పోర్ట్ క్రెసెంట్ స్టేట్ పార్కుకు వచ్చాము. యాభై మైళ్ల దగ్గర ఆగి చక్రాల నట్లను మళ్లీ బిగించాను, చక్రాల బొడ్డులను అరచేతితో తాకితే గోరువెచ్చగానే ఉన్నాయి. రాత్రి పదకొండింటికి మొదలైన వాన తెల్లవారుజాము దాకా కురిసింది. రేకు మీద చినుకుల చప్పుడు చాలా దగ్గరగా వినబడుతుంది. నేను రెండుసార్లు లేచి, చేతిదీపంతో కప్పు మూలలనూ కీలు కిందనూ తడిమి చూశాను.

పొద్దున్న మీటరును తీసుకొని పాత చోట్లనే కొలిచాను. కీలు కింద 11. ఎడమ గోడ మూలన, ఒకనాడు సూది దిగడమే తెలియని చోట, 12. వంగి చూస్తే గోడ కింది గాడి వెంట నీటి బొట్లు వరుసగా వేలాడుతూ ఒక్కొక్కటిగా ఇసుకలో పడుతున్నాయి. దానిని ఫొటో తీసి నాన్నగారికి పంపాను.

ఎడమ వెనుక దీపం అద్దం లోపల మాత్రం వేలెడు నీరు నిలిచి ఉంది. విప్పి చూస్తే, నీరు కారే చిన్న రంధ్రం దాని పైవైపున ఉంది. దీపాన్ని నేను తలకిందులుగా బిగించాను. రెండు మరమేకులు విప్పి, నీరు పారబోసి, గుడ్డతో తుడిచి, రంధ్రం కిందికి వచ్చేలా తిప్పి బిగించాను. కుడి వైపుది కూడా చూడాలి.